అక్క సరిదిద్దిన గుడ్లు

మా అక్క చేతిని మెచ్చుకోనివాళ్ళు మా వీధిలో లేరు. పింగాణీ కప్పుల కార్ఖానాలో అయితే ఆ చేతిని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. నేను మాత్రం ఆ చేతిని చాలాసార్లు తిట్టాను, ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని అక్క అంటుంది. ఎక్కువే, కాదనను. అక్క ఇంట్లో అందరూ నోళ్ళు కుట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

నాన్న మంచాన పడ్డాక అక్క చదువు మానేసి కార్ఖానాలో చేరింది. కప్పుల అంచున గీత వేయడం ఆమె పని. కప్పును తిరిగే చక్రం మీద సరిగ్గా నడిమధ్యన బోర్లించి, ఎడమచేత్తో చక్రం తిప్పుతూ, కుడిచేతిలోని కుంచెను అంచుకు ఆనించి ఊపిరి బిగపట్టాలి. కుంచె కదలకూడదు. కప్పే ఒక చుట్టు తిరిగి, గీత మొదలైన చోటే వచ్చి కలవాలి. చూసేవాళ్ళకు ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని ఒకరోజు కూర్చున్నాను. నా గీత మొదలైన చోటికి రాలేదు సరికదా, మెట్లెక్కినట్టు ఎక్కుతూ కప్పు సగానికి పోయింది. మేస్త్రీ ఆ మధ్యాహ్నమే నన్ను ప్యాకింగ్‌కి పంపేశాడు. అక్క చేసిన కప్పులను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దుతూ నా ఉద్యోగం అక్కడే మొదలై అక్కడే ముగిసింది.

కొన్నేళ్ళకు అక్కను దిద్దుడు బల్ల దగ్గరికి మార్చారు. రంగు వేసిన కప్పులు బట్టీలోకి వెళ్ళేముందు ఆఖరుగా ఆగేది ఆ బల్ల దగ్గరే. బట్టీలో కాలాక రంగు కప్పులో కలిసిపోతుంది, ఇక గోకినా పోదు. కాలకముందు మాత్రం ఎంత తప్పయినా తడి దూదితో తుడిచేయవచ్చు. పుల్లకు దూది చుట్టి, నీళ్ళలో అద్ది, వంకరపోయినంత మేర తుడిచి, సన్నకుంచెతో మళ్ళీ గీత కలపాలి. కొత్తగా చేరిన అమ్మాయిలకు చేతులు వణికేవి. వాళ్ళ కప్పులు మేస్త్రీ కంట పడకముందే అక్క సరిచేసి ముందుకు తోసేసేది. అది ఎవరి కప్పు అని అడిగేది కాదు, నేను సరిచేశాను అని ఎవరితోనూ అనేది కాదు. అలా ఎంతమందిని తిట్లు తప్పించి కాపాడిందో లెక్కలేదు. వాళ్ళంతా కలిసి ఆమెకు గీతలక్క అని పేరు పెట్టుకున్నారు. మా నాన్న వయసున్న మేస్త్రీ కూడా గీతలక్కా అనే పిలిచేవాడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇకపై చెప్పబోయేది విని మా అక్కది రాతిగుండె అనుకునేరు. కాదు. కడుపులో పెట్టుకుని చూసుకునే మనిషి. కాకపోతే ప్రేమంటే ఆమెకు తెలిసింది అదొక్కటే, ఎదుటివాళ్ళ తప్పును ఎవరి కంటా పడకుండా తుడిచేయడం.

బావ బట్టీ దగ్గర పనిచేసేవాడు. పగలంతా మంట ముందు నిలబడి, ఇంటికొచ్చాక చల్లటి గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. అవుననడానికీ కాదనడానికీ తల ఊపడమే తప్ప మాట పెగిలేది కాదు. వాళ్ళకు చాలా ఆలస్యంగా ఒక్కతే కూతురు పుట్టింది. ఆ ఇద్దరికీ ఎలా పుట్టిందో గానీ, దానికి నోట్లో ఆవగింజ నానేది కాదు. నిద్రలేచింది మొదలు కిచకిచమంటూనే ఉండేది. పిచ్చుక అని నేనే పేరు పెట్టాను. బడిలో వేరే పేరుంది కానీ ఇంట్లో ఎవరూ వాడలేదు.

ఈస్టర్ ముందు శనివారం అక్క ఇంట్లో గుడ్లకు రంగులు వేసేవాళ్ళం. ఆ వరస ఇళ్ళలోని పిల్లలంతా అక్కడే చేరేవారు. వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి, నీళ్ళ గ్లాసులూ, కార్ఖానాలో అరిగిపోయిన కుంచెలూ పెట్టేది అక్క. కొన్ని గుడ్లు ఉల్లిపొట్టు వేసి ఉడకబెడితే ఇటుక రంగు వచ్చేవి, కొన్ని బీట్‌రూట్ నీళ్ళలో, మిగతావి తెల్లగానే ఉంచేవాళ్ళం. గుడ్డు దొర్లిపోకుండా సీసామూతల్లో నిలబెట్టేవాళ్ళం. ఇల్లంతా రంగు పట్టడానికి పోసిన వెనిగర్ వాసన, పిల్లల గోల. ఒకడు తన చొక్కాకు కూడా రంగు వేసుకునేవాడు, ఇంకొకతి కుంచె నోట్లో పెట్టుకుని ఆలోచించేది. నాకు ఆ శనివారమంటే ప్రాణం. పిల్లల్లేని దాన్ని, ఆ పూటకు అరడజనుమంది ఉండేవాళ్ళు.

పిల్లల చేతి గీతలు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే. సూర్యుడికి ఒకవైపే కిరణాలుంటాయి, కోడిపిల్లకు మూడు కాళ్ళుంటాయి. ఒక్కొక్కళ్ళూ పూర్తి చేయగానే అక్క "ఇలా ఇవ్వమ్మా, కాస్త చూస్తాను" అని తీసుకునేది. పుల్లకు దూది చుట్టి సిద్ధంగానే ఉండేది. రెండు తుడుపులు, నాలుగు గీతలు. సూర్యుడికి అన్నివైపులా కిరణాలు వచ్చేవి, కోడిపిల్ల రెండుకాళ్ళ మీద నిలబడేది. పక్కింటి పిల్లలు ఆ గుడ్లను చూసుకుని మురిసిపోయేవారు. వాళ్ళ అమ్మలు వాటిని కిటికీల్లో వరసగా పేర్చి, మావాడే వేశాడని వచ్చేపోయేవాళ్ళకు చూపించేవారు. ఎవరికీ ఏ బాధా లేదు. వాళ్ళు ఆ గుడ్డు పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు కదా, అక్క చెయ్యి వాళ్ళ బతుకులోకి వచ్చేది ఏడాదికి ఒక్క పూట.

పిచ్చుకకు మాత్రం ఆ చెయ్యి ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉండేది.

దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక శనివారం అది అందరితో కలిసి కూర్చోలేదు. ఒక తెల్లగుడ్డు తీసుకుని తలుపు మూలకు పోయి, మాకు వీపు పెట్టి, చాలాసేపు కిమ్మనకుండా వేసింది. పిచ్చుక కిమ్మనకుండా ఉందంటేనే నాకు అనుమానం వచ్చి వెళ్ళి తొంగిచూశాను. గుడ్డు మీద వాళ్ళమ్మను వేసింది. చక్రం ముందు కూర్చున్న అమ్మ. ఒళ్ళు చిక్కుడుగింజంత, తల బఠాణీగింజంత. ఆ ఒంటి నుంచి ఒక చెయ్యి బయల్దేరి గుడ్డును సగం చుట్టేసింది. అయిదు వేళ్ళు, వేళ్ళ మధ్య కుంచె. నాకు నవ్వాగలేదు. ఏమే, మీ అమ్మకు అంత చెయ్యి ఎక్కడిదే అన్నాను. అది నవ్వలేదు.

"దగ్గర కూర్చుంటే అంతే కనబడుతుంది పిన్నీ. చెయ్యే కనబడుతుంది" అంది.

తర్వాత అది గుడ్డును రెండు చేతుల్లోనూ పెట్టుకుని అక్క దగ్గరికి తీసుకెళ్ళింది. ఇది నీకేనమ్మా అంది. అక్క చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు, ఒకడు నీళ్ళ గ్లాసు తన్నేశాడు, పొయ్యి మీద ఇంకో గిన్నె పొంగుతోంది. ఆ గోలలో అక్క గుడ్డు అందుకుంది. రంగు ఇంకా ఆరలేదు. ఆరని రంగు మీద తప్పు కనబడితే ఆ కళ్ళు ఇంకేమీ చూడవు. నేను గిన్నె దించి, అక్కా ఆగు అనేలోపు దూది పని పూర్తయిపోయింది. చుట్టూ తిరిగిన ఆ చెయ్యి పోయింది. దాని చోట ఒంటికి తగిన బుల్లి చెయ్యి, పొందికగా, ముచ్చటగా. చెయ్యి అంత పెద్దగా ఎక్కడైనా ఉంటుందా, ఇప్పుడు చూడు ఎంత బాగుందో అంది అక్క.

పిచ్చుక చూసింది. బాగుందమ్మా అంది. ఏడవలేదు. ఆ గుడ్డును నేలకేసి కొట్టి ఏడిచి ఉంటే నాకు ఈ రోజుకీ హాయిగా ఉండేది. అది చేతులు కడుక్కుని వెళ్ళి వాళ్ళ నాన్న పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

మరుసటి ఏడాది ఆ శనివారం దానికి పరీక్షకు చదువుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది తలనొప్పి. అది పెద్దదైపోయిందిలే అనుకుంది అక్క. నిజంగానే మిగతా పిల్లలూ పెద్దవాళ్ళయ్యారు, బల్ల మీద పేపర్లు పరవడం మానేశాం. అక్క గమనించనిది ఏమిటంటే, పిల్ల మానేసింది గుడ్లు ఒక్కటే కాదు. కొన్నాళ్ళు ప్రతిదీ తెచ్చి అమ్మ ముందు పెట్టేది, జడ పాపిడి నుంచి బడిలో రాసిన వ్యాసం దాకా, ఎక్కడ తప్పుందో చూడమని. ఆ తర్వాత తేవడమే మానేసింది. కిచకిచలు కూడా ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలియదు. బుద్ధిమంతురాలైందని బంధువులు మెచ్చుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

పిచ్చుక బాగా చదివింది, బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మంచివాణ్ణి పెళ్ళాడి ఊరికి ఆ చివర కాపురం పెట్టింది. వారానికోసారి అక్కకు ఫోన్ చేసేది. ఆరోగ్యం ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నావా, ఇక్కడ అందరం బాగున్నాం. పక్కనుండి వినే నాకే ఆ సంభాషణ కంఠతా వచ్చేసింది. బావ పోయినప్పుడు కూడా అది అన్ని పనులూ ఒంటిచేత్తో చక్కబెట్టింది గానీ, అక్క భుజం మీద తల పెట్టి ఒక్కసారి ఏడవలేదు.

అక్క రిటైరయ్యాక ఇంట్లో ఒక్కతే ఉంటుందని నేను పక్కవాటాలోకి మారాను. ఒకరోజు ఫోన్ పెట్టేశాక అక్క నా వైపు తిరిగి, ఇది నాతో మనసు విప్పి ఒక్క మాటా మాట్లాడదేమిటే, నేనేం తక్కువ చేశాను అంది. నాకు ముక్కు మీదే కోపం. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది కక్కేశాను. పిల్ల నీకని గుడ్డు మీద బొమ్మ వేసి తెస్తే తుడిచేశావు కదా, అప్పటి నుంచి అది నీకు ఏదీ చూపించలేదు, చూసుకో అన్నాను.

"ఏ గుడ్డు?" అంది అక్క.

నిజంగానే గుర్తులేదు. ఎన్ని వేల కప్పులు దిద్దిందో, ఎన్ని గుడ్లు దిద్దిందో, అందులో ఇదొకటి. నేను పూస గుచ్చినట్టు చెప్పాను. తల అడ్డంగా ఊపింది. అంత పని నేనెందుకు చేస్తాను, నువ్వే ఏదో ఊహించుకుంటున్నావని నన్నే కసిరింది. నేనూ నాలుగంటించి మా వాటాలోకి వచ్చేశాను. కొన్నాళ్ళు మాటల్లేవు. తర్వాత ఒక పొద్దున నేను పాలు కాస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వేళ్ళకు గోళ్ళు కూడా వేసిందే" అంది. "చిన్న చిన్న గోళ్ళు. అవి కూడా తుడిచాను."

నాకు తిట్టడానికి నోరు రాలేదు. కూర్చోబెట్టి పాలు ఇస్తే తాగకుండానే వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి అక్కకు ఒకటే కోరిక. పిచ్చుక ఒక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చుని ఒక్క గుడ్డుకు రంగు వేయాలి. ఏదైనా సరే, పిచ్చిగీతలైనా సరే, తను ముట్టుకోకుండా చూడాలి. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. అందుకే ప్రతి ఈస్టర్‌కూ ఫోన్‌లో, శనివారం వస్తావా, గుడ్లకు రంగులు వేద్దాం అనేది. పనుందమ్మా అనేది పిచ్చుక. ఎందుకు అడుగుతోందో అక్క చెప్పేది కాదు, ఎందుకు రావడం లేదో అది చెప్పేది కాదు. మధ్యలో నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఈ ఏడు అల్లుడు ఉద్యోగం పని మీద వేరే ఊరు వెళ్ళాడు. మనవరాలికి అయిదో ఏడు వచ్చింది, బడిలో ఎవరో ఈస్టర్ గుడ్లు తెచ్చారట, నాకూ కావాలని అది ఒకటే గోల. సరే వస్తున్నాం అంది పిచ్చుక. అక్క ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కొత్త కుంచెలు తెచ్చింది. ఉల్లిపొట్టు అయితే వీధిలో అందరి ఇళ్ళ నుంచీ పోగుచేసింది, ఆ పొట్టుతో ఊరందరి గుడ్లూ ఉడకబెట్టవచ్చు. ఇంట్లో ఉన్న దూది మాత్రం మొత్తం ఏరి తెచ్చి నా చేతికిచ్చి, దీన్ని మీ వాటాలో పెట్టు అంది. ఇంకో మాట కూడా అంది. నువ్వు నా పక్కనే కూర్చో, నా చెయ్యి లేస్తే గట్టిగా గిల్లు అంది. ఈ వయసులో ఇంత మంచి ఉద్యోగం దొరుకుతుందని నేను అనుకోలేదు.

శనివారం మధ్యాహ్నం వచ్చారు. మనవరాలు చెప్పులు విప్పకుండానే బల్ల ఎక్కబోయింది. పిచ్చుక కుర్చీలో కూర్చోలేదు. నువ్వు కూర్చోవే అని అక్క అంటే, ముందు ఈ గిన్నెలు కడిగేస్తానమ్మా అని మాకు వీపు పెట్టి కుళాయి దగ్గర నిలబడింది. కడగాల్సినవి రెండు గిన్నెలు. వాటినే తిప్పి తిప్పి తోముతోంది.

మనవరాలు బస్సు వేసింది. ఎర్ర బస్సు, గుడ్డు చుట్టూ చక్రాలు. కింద చక్రాలు, పైన కప్పు మీద కూడా చక్రాలు. పైన చక్రాలు ఎందుకే అని నేనడిగాను. బోల్తా పడితే మరి ఎలా వెళ్తుంది చిన్నమ్మమ్మా అంది. ఇంత తెలివి మా వంశంలో ఎక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను. అంతలో ఒక చక్రంలో నీళ్ళెక్కువై, నల్లరంగు బస్సు మీదుగా ధారగా కిందికి జారడం మొదలైంది. అక్క భుజం కదిలింది. నేను గిల్లేలోపే ఆమె తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. అయినా నేను గిల్లాను. ఒప్పుకున్న పని కదా.

మనవరాలు గుడ్డు ఎత్తి వాళ్ళ అమ్మమ్మ ముఖం ముందు పెట్టింది. నల్లధార బస్సు కింది దాకా వచ్చేసింది. అక్క చేతులు బయటికి తీయలేదు.

"బాగుందమ్మా, అలాగే ఉంచు" అంది.

కుళాయి ఆగింది. పిచ్చుక తడిచేతులతో వెనక్కి తిరిగింది. బల్ల దగ్గరికి వచ్చి ఆ గుడ్డు వైపు చూసింది, వాళ్ళమ్మ చేతులు ఎక్కడున్నాయో చూసింది.

"నీకు వదిలెయ్యడం వచ్చన్నమాట" అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కొట్లో ఏదో వస్తువు ఉందని ఆలస్యంగా తెలుసుకున్నట్టు అంది. నాకు ఏడుపొచ్చింది. మనవరాలి గుడ్డును ముట్టుకోకుండా ఉంటే కూతురి మనసు కరుగుతుందని అక్కా నేనూ కలిసి వారం రోజులు అనుకున్నాం. దాన్ని చూస్తే కూతురికి ఎక్కడ తగులుతుందో ఇద్దరం ఆలోచించలేదు.

"ఇప్పుడు వచ్చిందే" అంది అక్క. "నీ చిన్నప్పుడు రాలేదు. నువ్వు వేసిన చెయ్యి తుడిచేశాను."

"గుర్తుందా నీకు?"

"లేదు. పిన్ని చెప్తే గుర్తొచ్చింది."

గుర్తుందని ఒక్క అబద్ధం చెబితే ఏం పోయేది? కానీ మా అక్కకు అబద్ధం చెప్పడం కూడా రాదు. పిచ్చుక చీరచెంగుకు చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడింది. అక్క లేచి కూతురి కోసం ఒక కుర్చీ వెనక్కి లాగింది. ఒక తెల్లగుడ్డును సీసామూతలో నిలబెట్టి దాని ముందు పెట్టింది.

"ఒక్కటి వెయ్యి. నేను చూడను, ముట్టుకోను" అని, నిజంగానే కిటికీ వైపు తిరిగి నిలబడింది.

పిచ్చుక కూర్చుంది. నేను ఊపిరి బిగపట్టాను. అది కుంచె తీసుకుంది, కొన నాజూకుగా సర్దుకుని నీలం రంగులో ముంచింది, గుడ్డు దగ్గరికి తెచ్చింది. అక్కడే ఆపింది. కుంచె కొసన రంగు చుక్కగా కూడి పేపరు మీద పడింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఆపింది. పక్కన కూతురు ఇంకో గుడ్డు మీద మొహమాటం లేకుండా పులుముతోంది. పిచ్చుక ఆ గుడ్డు చూసింది, నన్ను చూసింది, ఎదురుగా వాళ్ళమ్మ వీపు చూసింది.

"ఏం వెయ్యనమ్మా?" అంది.

"నీకేది వెయ్యాలనిపిస్తే అది" అంది అక్క, తిరగకుండానే.

చిన్నదాని కుంచె గ్లాసుకు టకటకా తగులుతోంది. బ్యాంకులో ఒక బ్రాంచి మొత్తాన్ని నడిపే మనిషి, చేతిలో కుంచెతో, బడిలో జవాబు రాని పిల్లలా కూర్చుంది. చివరికి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను, అక్క చూడలేదు. అంతవరకు అక్క అదృష్టవంతురాలు.

"నాకేమీ అనిపించట్లేదమ్మా. ఏది వేస్తే నీకు బాగుంటుందా అనే ఆలోచిస్తున్నాను, ఇందాకటి నుంచీ" అంది.

కుంచె కడిగి, కొన సర్ది, గ్లాసు పక్కన పెట్టింది. అది నీకొద్దా, నేను వేసుకోనా అని మనవరాలు ఆ తెల్లగుడ్డు కోసం చెయ్యి చాపింది. తీసుకోమ్మా అని పిచ్చుక దాని ముందుకు జరిపింది. అక్క కిటికీ వైపు నుంచి తిరగలేదు. నేనూ తిరగమని అనలేదు.